పక్కన పెట్టే ముక్క

"ఈ నాలుక ముక్కకి రంగు పట్టలేదు," అంది డాక్టరు, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే. "మందు సరిగ్గా పడిందా?"

"పడింది మేడమ్. పక్కన పెట్టిన పాత ముక్క చూడండి," అంది టెక్నీషియను, నడుం పట్టుకుని.

నోటి క్యాన్సరు మెడ గడ్డలకు పాకే రకమైతే, ఆ మందుకు గోధుమరంగు తేలుతుంది. మందు పనిచేసిందని నమ్మకం కుదరడానికి, పాకిందని ముందే తెలిసిన ముక్క ఒకటి రోజూ పక్కన పెడతారు. అది ముదురు గోధుమరంగులో ఉంది.

"అయితే ఈ బస్సు డ్రైవరుకి పాకే సూచన లేదన్నమాట. పోన్లే, ఒక్కడైనా." డాక్టరు కళ్లు నులుముకుంది. "ఆ పాత ముక్కలు కోసే మైనపు దిమ్మ తరిగిపోవచ్చింది. రేపట్నుంచి వేరేది వాడదాం."

"ఇంకా పల్చగా కోస్తాను మేడమ్. కొన్నాళ్లు వస్తుంది."

"ఎవరిదో ఏమిటో, దానికోసం అంత తంటా ఎందుకు?"

టెక్నీషియను ఆ దిమ్మను అరచేతిలోకి తీసుకుంది.

"మా ఆయనది. బతికున్నన్నాళ్లూ ఒక్క ఉద్యోగంలోనూ కుదురుగా ఉన్న మనిషి కాదు. ఇక్కడే రోజూ డ్యూటీకొస్తున్నాడు. మాన్పించకండి."