గులకరాళ్ళ అడుగున

"అక్కడ కాదు, డెస్. ఆ విల్లో చెట్టుకి ఇవతల తవ్వు."

డెస్ పొక్లెయిన్ ఇంజను ఆపి తల బయటికి పెట్టాడు. "పోయినేడు అక్కడే తవ్వాం వదినా. అంతకు ముందేడూ అక్కడే. రాళ్ళు తప్ప ఏమొచ్చాయి?"

"ఈ పొలంలో రాళ్ళు లేని చోటు ఎక్కడుందో చూపించు," అంది నోలా, వానకోటు టోపీ వెనక్కి తోసుకుంటూ.

ఆ మాటా నిజమే. న్యూజిలాండ్ పడమటి తీరంలో, సముద్రంలో కలవబోయే ముందు ఏరు పరిచిపోయిన నేల అది. పైన జానెడు నల్లమట్టి, కింద ఇసుకా గులకరాళ్ళూ, ఆ కింద మళ్ళీ గులకరాళ్ళు. వరద వచ్చినప్పుడల్లా బూడిదరంగు ఒండ్రు ఇంకో పొర వేసి పోతుంది. అక్కడ వాన చుట్టంలా వచ్చిపోయేది కాదు, ఇంటి మనిషే. అయినా ఏం లాభం? ఎంత కురిసినా చుక్క నిలవదు, రాళ్ళ సందుల్లోంచి ఏట్లోకి జారిపోతుంది. నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, గడ్డి పసుపెక్కుతుంది. ఆవుల్ని నమ్ముకున్న వాళ్ళకి అన్నం పెట్టేది ఆ జానెడు మట్టే. నోలా దాన్నే ఏటేటా తవ్విస్తోంది.

తవ్వించక ఏం చేస్తుంది? నాలుగేళ్ళ కిందటి వరదలో ఆవుల్ని మెరక మీదికి తోలొస్తానని వెళ్ళిన ఆమె మొగుడు క్లెమ్ మళ్ళీ రాలేదు. నీళ్ళు తగ్గాక ట్రాక్టరు రాళ్ళలో సగం కూరుకుపోయి కనబడింది. మనిషి కనబడలేదు. చర్చి ఫాదరు ఇంటికొచ్చి, పోనీ ఖాళీ పెట్టె పెట్టి ప్రార్థన చేద్దామన్నాడు. నోలా వినలేదు.

"ఖాళీ పెట్టెని నేను పూడ్చను ఫాదర్. ఆయనది ఏదో ఒకటి నా చేతికి రావాలి. అప్పుడు ఏడుస్తాను."

అన్నంత పనీ చేసింది. ఇంతవరకూ కంట తడి పెట్టలేదు. రోజూ రెండు కప్పుల్లో టీ పోస్తుంది, రెండోది చల్లారాక పారబోస్తుంది. ఊళ్ళో ఉన్న చెల్లెలు తన దగ్గరికి వచ్చి ఉండమంటే, "ఆయన్ని ఈ రాళ్ళ కింద వదిలేసి ఎట్లా రానే?" అంటుంది. చూసేవాళ్ళకి కడుపు తరుక్కుపోయేది.

అందరికంటే ఎక్కువ డెస్‌కి. క్లెమ్‌కి తోడబుట్టిన వాడు కాకపోయినా చిన్నప్పటినుంచీ అన్నా అన్నా అని వెనక తిరిగినవాడు.

"ఈ ఒక్కసారి నా మాట విను వదినా," అన్నాడు. "ఆ కంచె మూల మనం ఎప్పుడూ తవ్వలేదు."

"అంత దూరం వరద జోరు లేదుగా?"

"ఏరు మనల్ని అడిగి పోతుందా?"

నోలా అటు చూసింది. "సరే పద. ఏమీ దొరక్కపోతే మాత్రం ఇవాళ చేపల అట్టు లేదు నీకు."

"దొరికితే?"

ఆమె కంచె వైపు నడిచింది. మూల దగ్గరికి వెళ్ళాక గట్టిగా అరిచింది. "పై మట్టి విడిగా పోయ్! రాళ్ళలో కలిపేశావంటే వానపాములన్నీ చస్తాయి. ఆ అడుగున వాటికి తిండేదీ?"

"వానపాముల మీదున్న జాలి నా నడుం మీద లేదు నీకు!"

నోలా నవ్వింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే, బకెట్‌లోంచి రాళ్ళతో పాటు ఒక బూటు జారి పడింది.

తోలు బూటు. లేసుకి బదులు నీలం పురికొస.

డెస్ కిందికి దిగాడు. నోలా అప్పటికే రాళ్ళ మీద కూలబడి బూటుని ఒళ్ళోకి తీసుకుంది.

"ఆ పొద్దున లేసు తెగిందని విసుక్కుంటుంటే గడ్డిమోపు తాడు ముక్క నేనే కట్టాను. ముడి నాదే, చూడు. ఇవే వేసుకుని వెళ్ళాడు, డెస్! ఇవే వేసుకుని వెళ్ళాడు!"

అంతే, నాలుగేళ్ళ ఏడుపు కట్ట తెంచుకుంది. ఆవులు కూడా మేత మాని ఇటు చూశాయి. డెస్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. అతనికీ కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక నోలా బూటుని బోర్లించి తట్టింది. నల్లమట్టి గడ్డ ఒకటి ఆమె అరచేతిలో పడింది. చిదిపి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంత లోతులో దొరికింది?"

"నడుం లోతు ఉంటుంది వదినా. అడుగు రాళ్ళలో."

"ఊఁ," అని గుప్పిట మూసి లేచింది.

వంటింట్లో ఆ గుప్పిట విప్పకుండానే, రెండో చేత్తో కెటిల్ పెట్టింది. క్లెమ్ కప్పుని కుళాయి కింద కడిగి, అందులో టీ పోసి డెస్ ముందు పెట్టింది. డెస్ గుండెల మీది బరువు దిగింది.

"ఆదివారం ఫాదరుతో నేను మాట్లాడతాను. పెట్టె కూడా నేనే చేయిస్తాను. ఇక ఈ తవ్వడాలు చాలు. హాయిగా చెల్లెలి దగ్గరికి వెళ్ళు వదినా."

"వెళ్తాను," అంది నోలా.

కిటికీలో పూలకుండీ ఉంది. దాని దగ్గరికి వెళ్ళి గుప్పిట విప్పింది. ఒక వానపాము మెలికలు తిరుగుతూ మట్టిలోకి దూరింది.

"నాలుగేళ్ళు ఆ రాళ్ళ అడుగున కూడా బతికే ఉంది పాపం," అంది, వెనక్కి తిరక్కుండా.

డెస్ చేతిలో కప్పు సగం దారిలో ఆగిపోయింది.

"మీ అన్న ఎక్కడున్నాడు, డెస్?"