ఎన్నేళ్ళయ్యిందమ్మా?

ఆ పెద్దమనిషి ఎవరో తాళ్ళ మిల్లులో ఎవరికీ తెలియదు.

బస్సు దిగి నడుచుకుంటూ లోపలికి వచ్చి, చిట్టెమ్మ రాట్నం దగ్గర ఆగాడు. ఆమె పేనిన కొబ్బరితాడును బొటనవేలితో మెల్లగా తడిమి చూశాడు.

“అతుకు ఎక్కడేసేవమ్మా? చేతికి తగలడం లేదు.”

చిట్టెమ్మ నవ్వింది. “తగిలితే అదేం తాడండీ?”

“ఎన్నేళ్ళయ్యిందమ్మా ఈ పనిలో?”

“ఈ మిల్లులోనే ఇరవై రెండండి.”

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. పక్కనున్న అప్పాయమ్మనూ అదే అడిగాడు. అదీ రాసుకున్నాడు.

ఆఫీసు గది కిటికీలోంచి మిల్లు యజమాని దొరబాబు అంతా చూస్తున్నాడు.

పి.గన్నవరం దగ్గర ఆ మిల్లు దొరబాబు తండ్రి పెట్టింది. చిన్నప్పుడు ఆ రాట్నాల మధ్యే ఆడుకున్నాడు. నైలాను తాళ్ళు వచ్చాక బేరాలు సగానికి పడిపోయినా, పద్దెనిమిది మందినీ ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

ఆ వారమే పేపర్లో ఒక వార్త వచ్చింది.

పనివాళ్ళను తీసేస్తే, చేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం పరిహారంగా ఇవ్వాలన్నది అప్పటికి ఉన్న చట్టం. దాన్ని నలభై అయిదు రోజులకు పెంచుతారట.

“ఇంకా ప్రతిపాదనేనండి. చట్టం అవ్వలేదు” అన్నాడు గుమాస్తా సత్తిబాబు.

“అయ్యేకేం చేస్తాం? పనిలో ఇరవై ఏళ్ళు పైబడ్డోళ్ళే తొమ్మండుగురున్నారు. రేపు మిల్లు మూసుకోవాల్సి వస్తే నాన్నగారి తోట అమ్మినా చాలదు.”

నాలుగు రోజులుగా దొరబాబుకు అన్నం సహించడం లేదు. ఇప్పుడీ మనిషెవరో వచ్చి, ఎవరు ఎన్నేళ్ళు చేశారో రాసుకుంటున్నాడు!

గబగబా బయటికి వచ్చాడు.

“ఎవరండీ మీరు?”

“ఆయ్, నన్ను పేతురంటారండి. రాజోలు నుంచి వచ్చేను. తమరితో ఒక్క మాట...”

“ఏ యూనియనండీ మీది?”

పేతురు కంగారుపడ్డాడు. “యూనియనేం కాదండి. తమరి దగ్గర ఇరవై ఏళ్ళు దాటినోళ్ళు ఎంతమందో తెలిస్తే...”

ఆ మాట చాలు. దొరబాబుకు ఒళ్ళు మండింది.

“తెలిస్తే? కోర్టుకెక్కిస్తారా? ముందు బయటికి నడవండి!”

రాట్నాలు ఆగిపోయాయి. అంతమంది ముందు అలా అనేసరికి ఆ పెద్దమనిషి ముఖం చిన్నబోయింది. అయినా చేతులు జోడించాడు.

“కోపంలో ఉన్నట్టున్నారు. సోమవారం మళ్ళీ వస్తానండి.”

సోమవారం!

అంతలోపే తేల్చేయాలనుకున్నాడు దొరబాబు. బ్యాంకుకు పరిగెత్తాడు. శనివారం మధ్యాహ్నం తొమ్మిది మందినీ పిలిచి, నోటీసు జీతంతో సహా, పదిహేను రోజుల లెక్కనే చట్టప్రకారం రావలసినదంతా చేతిలో పెట్టాడు. ఎవరి ముఖంలోకీ చూడలేకపోయాడు.

“నేనేం తప్పు చేసేనండి?” అంది చిట్టెమ్మ.

“నీ తప్పేం లేదు చిట్టెమ్మా. చానా ఏళ్ళు చేసేవు. అదే.”

“ఎక్కువేళ్ళు చెయ్యడం తప్పాండి?”



రెండు నెలలు గడిచాయి. ఆ చట్టం రాలేదు. ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పగలిగినవాళ్ళూ లేరు.

మిల్లుకు కష్టం మాత్రం వచ్చింది. మిగిలినవాళ్ళు పేనిన తాడు ఒకచోట లావు, ఒకచోట సన్నం. అతుకుల దగ్గర తెగిపోతోంది. కాకినాడ వర్తకుడు రెండు లోడ్లు వెనక్కి పంపేశాడు.

మూడోది కూడా తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే దొరబాబు చిట్టెమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఆమె క్యారేజీ పట్టుకుని వీధిలో నిలబడి ఉంది. పక్కన అప్పాయమ్మ. వాళ్ళ వెనక మిగతా ఏడుగురూ. ఆయన్ని చూడగానే అందరూ కొంగులు సర్దుకున్నారు.

“బాగున్నారాండీ?” అంది చిట్టెమ్మ. గొంతులో కోపం లేదు.

“ఏం బాగు చిట్టెమ్మా! తొందరపడ్డాను. మీరందరూ వచ్చెయ్యండి. జీతం కూడా పెంచుతాను.”

“రాలేమండి. రాజోలు కాడ పనిలో చేరిపోయేం. రోజూ వ్యాను పంపుతారు. అక్విడక్టు వంతెన దాటేక అరగంటండి.”

“తొమ్మండుగురూ ఒక్కచోటేనా? ఎవరు పెట్టుకున్నారు?”

చిట్టెమ్మ కాస్త తటపటాయించింది.

“ఆ రోజు మీరు బయటికి నడవమన్నారే, ఆ పేతురు గారండి. చెప్పినట్టే సోమవారం మీ మిల్లు కాడికొచ్చేరంట. మమ్మల్ని తీసేసేరని గేటు కాడ తెలిసి, మా ఇళ్ళు వెతుక్కుంటా వచ్చేరు.”

దొరబాబు తెల్లబోయాడు.

“ఆయన... యూనియన్ మనిషి కాదా?”

వీధి మొదట్లో వ్యాను హారన్ వినిపించింది. ఆడవాళ్ళు అటు కదిలారు. చిట్టెమ్మ మాత్రం ఒక్క క్షణం ఆగింది.

“కాదండి. ఆయనా మీలాగే తాళ్ళ మిల్లు ఓనరే. కొచ్చిన్ నుంచి మూడేళ్ళకి సరిపడా ఆర్డరొస్తే తనొక్కరి వల్లా కాదని, చెయ్యి తిరిగినోళ్ళు ఎక్కువమంది ఏ మిల్లులో ఉంటే ఆ మిల్లుకి సగం పని ఇద్దామని తిరుగుతా, ఆ రోజు మీకిచ్చేసి పోదామనే వచ్చేరండి.”