బొక్కల్లేని అట్టలు

బొక్కలు కొట్టిన అట్టల వరసను బట్టి బొమ్మలు నేసే జకార్డును కుళ్ళాయప్ప తన మగ్గానికి బిగించి ఆరు నెలలు కాలేదు. అప్పుడే ధర్మవరం మొత్తానికి తానే నేర్పినట్టు మాట్లాడేవాడు.

కదిరి తేరు నాటికి అమ్మవారికి చేరాల్సిన మొక్కుబడి చీర మగ్గం మీదుంది. నెల కూడా గడువు లేదు. అంచులో నెమళ్ళేమో ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయి. ఎందుకో అతనికి అంతుపట్టలేదు.

ఆ పూట ఎవరో ముసలాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మాసిన పంచె, చేతికర్ర. చాలాసేపు మగ్గం చప్పుడు వింటూ ఉండిపోయాడు.

"నెమలికీ నెమలికీ నడుమ మగ్గం మెత్తగా పలకల్ల. బొక్కల్లేని అట్టలు యాడ పెట్టినావప్పా?" అన్నాడు గోడకేసి చూస్తూ.

"తీసేసినా. బొక్క లేనిదానికి ఈడ పనేముండాది?"

"బొక్క లేకున్నా అదీ ఒక వరసే. అది తీసేస్తే నెమళ్ళకు ఎడం యాడిది?"

మూలన పడేసిన అట్టల దగ్గర కూర్చుని, వాటి మూలల గాట్లు వేళ్ళతో తడిమి రెండు కుప్పలు చేశాడు. ఇవి అంచువి, ఇవి కొంగువి, అన్నీ ఖాళీవే అయినా ఒకదాని చోట ఒకటి పనికిరాదన్నాడు.

కుళ్ళాయప్పకు తిక్క రేగింది. మనిషి మొహమైనా చూడకుండా పాఠాలా? ఆ అట్టలు కొట్టింది హిందూపురం నారాయణప్ప అనీ, ఇంతవరకూ చూడకపోయినా ఆయన కాళ్ళకు మొక్కాలని తాను ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాననీ, దారినపోయేవాళ్ళు ఆయన పనిలో వేలు పెట్టక్కర్లేదనీ దులిపేశాడు. ముందు వేలు పెట్టింది తానేనన్న సంగతి గుర్తుకు రాలేదు.

ముసలాయన లేచి, నేసిన అంచు వైపు చెయ్యి చాపాడు.

"ఆ చేతులతో ముట్టుకోవద్దప్పా. అమ్మవారి చీర."

చెయ్యి వెనక్కి పోయింది. మనిషీ పోయాడు.

పెద్దాయన చెప్పినట్టు ఒక్కసారి చేసి చూడమంది భార్య లక్ష్మీదేవమ్మ. అట్టలు తిరిగి పెట్టి నేశాడు. నెమళ్ళు ఎడమెడంగా, సొంపుగా నిలబడ్డాయి. భార్య మొహం చూడడానికే కుళ్ళాయప్పకు సిగ్గేసింది.

చెడిన మూర వదిలేసి మళ్ళీ మొదలుపెట్టాడు. చీర తేరుకు అందింది. సిగ్గు మాత్రం పోలేదు.

అంచు ముక్క ఒకటి తీసుకుని హిందూపురం రైలెక్కాడు. ఆ పెద్దాయన ఎవరో నారాయణప్పకు తెలియకుండా ఉండదు. అడిగి తెలుసుకుని, వెళ్ళి క్షమించమనాలి. పెనుకొండ దాటేదాకా ఆ మాటలే కూడబలుక్కున్నాడు.

నారాయణప్ప లేడు. పనిముట్లు ఎవరికో ఇచ్చేసి, ఆమడగూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడట. ఆయన అక్క గంగక్క అంచు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా తమ్మునికి చూపు పోయి యాడాదాయ. ఈ నెమళ్ళవి తడుముకుంటా కొట్టిన ఆఖరి అట్టలప్పా," అంది. "అంచు ఎట్లొచ్చిందో చేత్తో ముట్టి చూసుకుంటానని పోయిన నెల ఒక్కడే ధర్మవరం పోయినాడు. ఎవరో ముట్టుకోనీలేదంట."