కట్లు కట్టే చదువు

బీఎస్సీ చదువుతున్న నర్మద, హెల్త్ అసిస్టెంట్ శిక్షణకు వెళ్లేలోగా పని నేర్చుకోవాలని ఏడాదిగా మంథనిలో డాక్టర్ మురళీధర్‌రావు దవాఖానకు వస్తోంది.

ఆ సాయంత్రం ఆమె ఒక రైతు కాలిగాయానికి కట్టు కడుతుంటే డాక్టరు నవ్వాడు.

“డిగ్రీ సదువుకుంట గీ కట్లు కట్టే కోర్సుకు పోతవా? అయితే డాక్టర్ గావాలె గని!”

బల్ల మీద కూర్చున్న రోగులు కూడా నవ్వారు. నర్మద ముడి బిగించి లేచింది. కోపంగా డాక్టరు వైపు తిరిగింది.

“డాక్టర్లు మా ఊరికి రారు సారూ! కాన్పయినంక మా అవ్వకు నెత్తురు ఆగలే. మా బాపు ఈడికే ఉరికొచ్చి మీ కాళ్లు మొక్కిండు. జీపు ఖరాబైందన్నరు. గదే జీపుల పెండ్లికి పోయిన్రు. మా ఊళ్లె సూది ఇచ్చేటోళ్లు ఒక్కలున్నా మా అవ్వ బతికేది. గందుకే నేర్చుకుంటున్న. గందుకే మీ తిట్లు పడుతున్న!”

ఆయన సిగ్గుపడతాడని, కనీసం కోప్పడతాడని ఆమె ఎదురుచూసింది.

డాక్టరు నుదురు చిట్లించి ఆ సంగతి గుర్తు తెచ్చుకోబోయాడు.

“మీదే ఊరు, పిల్లా?” అని అడిగాడు.