వైరు తీశాక

"ఊపిరి బిగబట్టు," అంది అక్క.

నాన్న మంచం మీద పడుకున్న తమ్ముడు కళ్లు మూసుకుని ఊపిరి ఆపాడు. పరుపు కింద, ఊపిరి ఆగితే బెల్లు మోగించడానికి అక్క తయారుచేసిన సెన్సర్ ఉంది. చిప్ లోపల ఏం జరుగుతోందో చూపించే డీబగ్గర్ వైరు దాన్నుంచి ఆమె లాప్‌టాప్‌కి వచ్చింది. కాసేపటికి గోడమీది బెల్లు గణగణా మోగింది.

"బాగానే ఉందిగా," అన్నాడు తమ్ముడు లేచి కూర్చుంటూ. "ఆ రాత్రీ మోగే ఉంటుంది. నా మొద్దునిద్ర సంగతి నీకు తెలియనిదేముంది. నాన్న ఊపిరి ఆగినా నేను లేవలేదు."

నాన్న పోయినప్పటినుంచీ వాడిది ఇదే మాట. కంటిమీద కునుకు లేదు.

అక్కకు ఏదో తట్టింది. డీబగ్గర్ వైరు పీకేసింది.

"ఇంకోసారి పడుకోరా."

వాడు మళ్లీ బిగబట్టాడు. ముఖం కందిపోయింది. బెల్లు మోగలేదు.

అక్క చేతిలోని వైరు కింద పడేసింది. "వైరు ఉన్నంతసేపూ చిప్ నిద్రపోదు. తీసేస్తే బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతుంది. దాన్ని లేపాల్సిన టైమర్ కూడా ఆగిపోయేలా పొరపాటున ప్రోగ్రాం రాశాను. పరీక్షించిన ప్రతిసారీ వైరు పెట్టే చూశాను." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఆ రాత్రి బెల్లు మోగనేలేదురా. తప్పు నీది కాదు, నాది."

వాడు కింద పడున్న వైరు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మళ్లీ తగిలించెయ్యక్కా. మోగిందనే అనుకుందాం," అన్నాడు. "ఆ తప్పు మొయ్యడం నాకు అలవాటైపోయింది."