కొండ కనిపించే ఫ్లాట్లు

"గాలి శుభ్రపడిందయ్యా! కొండ చూద్దువుగాని, వెంటనే టెర్రస్ మీదికి రా."

అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడి ఫోను వినగానే బ్రోకరుకి తన పాపం పండిందనిపించింది. పదేళ్ళ కిందట ఆ నలభై ఫ్లాట్లనూ 'బాల్కనీలోంచి కొండ కనిపిస్తుంది' అని అంటగట్టింది అతడే. బొగ్గు పొగలో ఎదురింటి గేటే కనిపించని రోజులవి. ఎవరైనా నిలదీస్తే, "కొండ ఎక్కడికి పోతుందండీ, పొగ తగ్గనివ్వండి" అనేవాడు. తన జీవితకాలంలో తగ్గదని ధీమా.

తగ్గి చచ్చింది.

లిఫ్టు ఉన్నా మెట్లే ఎక్కాడు. తన్నులు ఎంత ఆలస్యమైతే అంత మంచిది. కొండని తవ్వేశారని చెప్పాలా, అవతలి వైపు ఉందనాలా? ఏదీ తేలకుండానే మెట్లు అయిపోయాయి.

టెర్రస్ మీద నలభై కుటుంబాలూ ఉన్నాయి. గాలిలో దుమ్ము కొలిచే ఆఫీసులో పనిచేసే మూడో అంతస్తు ఆవిడ ముందుకొచ్చింది. అందరూ ఆమెను 'దుమ్ము మేడం' అంటారు.

"ఆరేళ్ళుగా పొగ ఏటికేడు తగ్గుతూ వస్తోందండీ. మిగిలిన కాస్తా నిన్నటి వానకి కడుక్కుపోయింది. అటు చూడండి."

బ్రోకరు ఊపిరి బిగబట్టి చూశాడు. నోరు వెళ్ళబెట్టాడు.

కొండ! దూరంగా, ఆకాశానికి ఆనుకుని, నిక్షేపంలాంటి కొండ!

వంగిన నడుం ఒక్కసారిగా నిటారయింది. "చెప్పానా లేదా? పదేళ్ళూ నన్ను దొంగని చూసినట్టు చూశారే! నా నోట అబద్ధం రాదండీ!"

"ఇదిగో, బైనాక్యులర్స్ పెట్టుకుని చూడు నాయనా," అంది ఐదో అంతస్తు మామ్మ తాపీగా.

చూశాడు. కొండ మీదికి లారీలు బారులు తీరి ఎక్కుతున్నాయి. ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి, చెత్త గుమ్మరించి దిగుతోంది. పైన గద్దలు, కింద కుక్కలు. ఊరు ఊరంతా పదేళ్ళుగా పారబోసిన చెత్త!

బ్రోకరు బైనాక్యులర్స్ దించి చేతులు జోడించాడు.

"కొట్టండి బాబూ, మీ ఇష్టం. మొహం మీద మాత్రం వద్దు. నా వ్యాపారమంతా దానితోనే."

"ఛ ఛ, కొట్టడానికెందుకు పిలుస్తామయ్యా!" అధ్యక్షుడు ప్రేమగా భుజం మీద చెయ్యి వేశాడు.

"వచ్చే నెల నుంచి గాలి అటు నుంచి ఇటు వీస్తుంది," అంది దుమ్ము మేడం ముక్కు తడుముకుంటూ.

అధ్యక్షుడు గొంతు తగ్గించాడు. "ఆలోపు ఈ నలభై ఫ్లాట్లూ, కొండ కనిపిస్తుందని చెప్పి, నువ్వే అమ్మిపెట్టాలి!"