నాలుగో మాడి గాలి

"మామా, పాపను పట్టుకో! పట్టుకో!"

చిన్నత్తాయి అరుపుకు వేడియప్పన్ ఉలిక్కిపడి, బాల్కనీ కమ్మీల మధ్య తల దూర్చిన రెండేళ్ళ కూతుర్ని వెనక్కి లాగాడు. తల వచ్చింది గానీ చెవి గీసుకుంది. పాప ఏడుపందుకుంది. చిన్నత్తాయి మాత్రం గోడకు వీపు ఆనించి నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు. కదిలితే తన కాళ్ళే తనను ఆ అంచుకు తీసుకుపోతాయని ఆమె భయం.

"చూసినావా ఆ సందు? బిడ్డ తల పట్టేంత ఉంది!"

"దానికేముందే, జాలీ కొట్టిస్తాను. ముందు ఇట్లా వచ్చి చూడు. వత్తల్‌మలై కొండ మన వాకిట్లోనే ఉన్నట్టు లేదూ? అదో, రైలు పోతా ఉంది!"

ఎనభై ఆరులో అరవనాటి ధర్మపురిలో నాలుగంతస్తుల మేడంటే జనం సైకిలు దిగి, నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. అందులోనూ అన్నిటికన్నా పైది, నాలుగో మాడి, కొంటానంటాడు వేడియప్పన్. పట్టుగూళ్ళ వ్యాపారి. పొద్దంతా ఉడికిన పురుగుల కంపు పీల్చేవాడికి గాలి మీద మోజు ఉండదా మరి!

"ఇంత ఎత్తుకు దోమ రాదు, దొంగ రాడు, కాలువ కంపు రాదు" అన్నాడు.

"నీళ్ళూ రావు. కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది. చంకలో బిందెతో ఇన్ని మెట్లు ఎవరెక్కేది, నువ్వా?"

"ఎక్కితే ఒళ్ళు గట్టిపడుతుంది."

"రేపు ఎవరికన్నా ప్రాణం పోతే, ఈ ఇరుకు మెట్ల మీద పాడె ఎట్లా దించుతారు?"

"శుభమా అని ఇల్లు చూడను వస్తే పాడె మాటెందుకే! ఈ పొద్దే పత్రం రాసుకుంటాను. నువ్వు పాపనెత్తుకుని దిగుతా ఉండు, నేను మొదలాళితో పోయి నీళ్ళ తొట్టి చూసి వస్తాను."

మేడ యజమాని వెంట ఆయన డాబా మీదికి వెళ్ళిపోయాడు. చిన్నత్తాయి పాపను చంకనేసుకుని, గోడను తడుముకుంటూ ఒక్కో మెట్టూ దిగింది. మూడో మాడి మెట్ల దగ్గర వీరన్ మేస్త్రీ పూత పని చేస్తున్నాడు. సున్నం పలచనైందని కూలి మనిషిని తెలుగులో తిడుతున్నాడు. ఆ తిట్లు చెవిన పడేసరికి చిన్నత్తాయికి ప్రాణం లేచొచ్చింది.

"అన్నా, మీరు మనవాళ్ళేనా?"

"అవును చెల్లీ. తుంబలహళ్లి మాది."

"ఒక పుణ్యం కట్టుకో అన్నా. మా ఆయన దిగి వచ్చేటప్పుడు, ఈ మేడ పైకప్పుకు సిమెంటు సగమే వేసినామని నీ మనిషితో చెప్పు. ఆయనతో కాదు, నీ మనిషితోనే. తెలుగులో."

తెలుగులో అనడంలోనే ఉంది కిటుకంతా. ధర్మపురిలో బేరాలూ బొంకులూ అరవంలో నడుస్తాయి. పరాయివాళ్ళ చెవిన పడకూడని నిజాలనే మనవాళ్ళు తెలుగులో గొణుక్కుంటారు. వేడియప్పన్‌కు చాటుగా విన్న తెలుగు మాట వేదవాక్కు.

మేస్త్రీ ఆమె ముఖం చూశాడు. పాప చెవి మీది గీత చూశాడు. ఎందుకని అడగలేదు.

"సరే చెల్లీ. ఈ మేడ మీకొద్దు" అన్నాడు.

పైన చెప్పుల చప్పుడైంది. మేస్త్రీ తాపీ ఆడిస్తూనే గొంతు తగ్గించాడు.

"పైకప్పు సంగతి ఎవరి దగ్గరా నోరు జారొద్దురా కాళియప్పా. ముప్పై మూటల సిమెంటుకు పదిహేనే వేసినాము. తొలి వానకే పెచ్చులూడి నెత్తిన పడతాయి."

యజమానికి ఆ ముక్కలేమీ అర్థం కాలేదు. నవ్వుకుంటూ దిగిపోయాడు. వేడియప్పన్ మెట్టు మీద కొయ్యబారిపోయాడు. ఇప్పుడాయన కూడా గోడ పట్టుకున్నాడు. చూసి చిన్నత్తాయికి జాలేసింది. పాపను చూసుకున్నాక ఆ జాలి నిలవలేదు.

"నువ్వు కిందికి పో. నేను మొదలాళితో మాట్లాడి వస్తాను" అన్నాడు, పెదాలు తడుపుకుంటూ.

కింద నేల మీద కాలు పెట్టాక గాని ఆమెకు ఊపిరి ఆడలేదు. కాసేపటికి మేస్త్రీ ఇసుక కోసం దిగి వచ్చాడు.

"ఎంత బాగా చెప్పినావన్నా! నాకే నిజమనిపించింది."

మేస్త్రీ నవ్వలేదు. "మీ ఆయన మానుకున్నట్టేనా?"

"మానుకోక?"

అంతలో మెట్ల పక్కనున్న యజమాని గదిలోంచి వేడియప్పన్ బయటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. చేతిలో పత్రం.

"తప్పించుకున్నాం చిన్నత్తాయీ! నాలుగో మాడి వద్దని చెప్పేసినాను. ఎందుకని అడగొద్దు."

"అడగను మామా."

"నువ్వన్నదే నిజం. నేల మీది ఇల్లే మేలు. అందుకే ఈ కింది ఇల్లు రాయించుకున్నాను. పొలం అమ్మిన డబ్బంతా కట్టేసినాను. పైకప్పు కూలితే పైవాడికి కూలుతుంది, మనకేం!"

చిన్నత్తాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మెట్లు లేవు, కమ్మీలు లేవు, కళ్ళు తిరగడం లేదు. వేడియప్పన్ గదులు చూడడానికి లోపలికి పోయాడు. చంక దిగిన పాప అప్పుడే వరండా పిల్లరును కావలించుకుని దాని చుట్టూ తిరుగుతోంది. చెల్లికి మేలు చేసిన అన్నకు దణ్ణం పెడదామని ఆమె వెనక్కి తిరిగింది. మేస్త్రీ ఇసుక కుప్ప మీద కూలబడి ఉన్నాడు.

"ఏమన్నా, అట్లా అయిపోయినావు?"

"పైకప్పుకు మేము ఒక్క మూట కూడా తగ్గించలేదు చెల్లీ. తగ్గించిందంతా ఈ కింది పిల్లర్లకే."